రద్దారావు గారు

ప్రతి అపార్టుమెంటుకీ ఒక వాచ్‌మన్, ఒక కారే ట్యాంకు, ఒక రద్దారావు గారు ఉంటారు. వాచ్‌మన్‌కి జీతమిస్తాం, ట్యాంకుని చందాలేసుకుని బాగుచేయించుకుంటాం. రద్దారావు గారు మాత్రం ఉచితం, సలహాలతో సహా. ఇంటి ముందు పలక మీద వేరే పేరుంటుంది. రద్దారావన్నది పొద్దున్నే పార్కులో నడిచే వాళ్లం పెట్టుకున్న పేరు. ఆయనకీ తెలుసు. బిరుదనుకుంటున్నారు.

ఆయన సిద్ధాంతం చిన్నది: తనని అడక్కుండా తన ఖాతాలోంచి ఎవడూ పైసా తియ్యకూడదు. "అడిగే కదండీ తీస్తున్నాడు, మీరే సంతకం పెట్టారుగా" అంటే, "అదెప్పుడో పెట్టాను. ఇవాళ అడిగాడా?" అంటారు. ఈ వాదనే ఒకసారి పెళ్లినాటి ప్రమాణాల మీద కూడా ప్రయోగించబోయారట గానీ, వాళ్లావిడ వాక్యం పూర్తి చెయ్యనివ్వలేదు.

వృత్తి జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పడం. జీతం ఒకటో తారీకున పడుతుంది. ఐదో తారీకు దాకా ఆయన మొహం ప్రశాంతంగా ఉంటుంది. ఆ తర్వాత ఫోను మోగడం మొదలవుతుంది. కార్డు మీదా, యూపీఐ మీదా నెలనెలా కట్ అయ్యే డబ్బుకి 24 గంటల ముందు కబురు పంపాలని రిజర్వు బ్యాంకు నియమం పెట్టి, 2021 అక్టోబరు నుంచి గట్టిగా అమలు చేయిస్తోంది. మనలాంటి వాళ్లం ఆ మెసేజీ చూసి ఖాతాలో డబ్బుందో లేదో సరిచూసుకుంటాం. ఆయన చొక్కా చేతులు పైకి మడుస్తారు.

ఈ కోపం ఊరికే రాలేదు. పాపం, మొదట మోసపోయింది ఆయనే. ఒక సినిమాల యాప్ వాడు ఒక్క రూపాయికి నెల రోజులు చూడమన్నాడు. ఈయన సినిమా చూసి, యాప్ సంగతి మర్చిపోయారు. యాప్ మాత్రం ఈయన్ని మర్చిపోలేదు. ఏడాది చందా ఒక్కసారే లాగేసింది. కస్టమర్ కేర్ వాళ్ల సంగీతం వినీ వినీ విసిగి, చివరికి కాలేజీలో ఒక కుర్రాడి సాయంతో యూపీఐ యాప్‌లో ఆటోపే అన్న చోటు కనిపెట్టారు. అక్కడ వరసగా పేర్లు, ఒక్కో పేరు పక్కన రద్దు చేసే బొత్తాం. ఆ రోజు సినిమా యాప్, జాతకాల యాప్, భజనల యాప్, ఎప్పుడు కొన్నారో గుర్తులేని యోగా యాప్ వరసగా నేలకూలాయి. భజనల యాప్ దగ్గర మాత్రం కళ్లకద్దుకుని నొక్కారట.

ఇంతవరకూ ఆయన చేసింది తప్పు కాదు. నిజానికి ఆదర్శప్రాయం. ముందే డబ్బు కట్టి చూసే చందా ఆపేస్తే సినిమా రాదు, అంతే. అక్కడ అప్పు లేదు కాబట్టి మన అప్పుల చరిత్ర రాసిపెట్టే సిబిల్‌కి ఆ సంగతి తెలియనే తెలియదు. చిక్కంతా ఏమిటంటే, గెలుపు రుచి మరిగాక ఆయనకి జాబితాలో ఉన్నవన్నీ ఒకే జాతిగా కనిపించసాగాయి. తర్వాతి నెల మ్యూచువల్ ఫండు సిప్ ఎగిరిపోయింది. అదీ ఫరవాలేదు, పోయేది సొంత పొదుపే. ఆ పై నెల జీవిత బీమా. నెలవారీ ప్రీమియానికి 15 రోజులే గడువు, పదహారో రోజున పాలసీ గుడ్లు తేలేసింది. "చచ్చాక వచ్చే డబ్బు కోసం బతికుండగా కట్ చేస్తాడా?" అన్నారు పార్కులో. ఇద్దరు ముగ్గురు తల కూడా ఊపారు. శిష్యులు తయారయ్యేది ఇలాగే.

అసలు కథ జుట్టు దగ్గర మొదలైంది.

మెయిన్ రోడ్డు మీద అద్దాల క్లినిక్ ఒకటి ఉంది. పన్నెండు సిటింగుల్లో నెత్తి నిండుతుంది, మొత్తం 60 వేలు, ఇప్పుడు ఒక్క రూపాయి కట్టక్కర్లేదు, నెలకి ఐదు వేలు, వడ్డీ లేదు అన్నారు. పాన్ కార్డు అడిగారు, ఆధార్ అడిగారు, ట్యాబ్‌లో ఫొటో తీశారు, ఓటీపీల మీద ఓటీపీలు అడిగారు. వాటిలో ఒకటి అప్పు ఒప్పందానికి, ఇంకొకటి ఆటో డెబిట్ మాండేటుకి, అంటే నెలనెలా ఖాతాలోంచి తీసుకునే అనుమతికి. ఆయన అన్నీ జుట్టుకే అనుకున్నారు. తెర వెనక జరిగింది ఇదీ: ఒక ఫైనాన్సు కంపెనీ ఆయన పేర 60 వేలు అప్పు రాసి, ఆ సొమ్ము క్లినిక్ చేతిలో పెట్టింది. క్లినిక్ ఆ రోజే గట్టెక్కింది. ఇక మిగిలింది రద్దారావు గారూ ఫైనాన్సు కంపెనీ. ఇలాంటి డిజిటల్ అప్పు వద్దనుకుంటే మొదటి కొద్ది రోజుల్లో అసలూ, ఆ రోజులకి వడ్డీ ఉంటే అదీ తిరిగిచ్చేసి జరిమానా లేకుండా బయటపడే వీలు 2022 నుంచీ ఉంది. ఆ కొద్ది రోజులూ ఆయన అద్దం ముందు గడిపారు.

నాలుగు నెలలైంది. నెత్తి మీద ఏ మార్పూ లేదు, ఖాతాలో ఇరవై వేల మార్పు వచ్చింది. నిలదీస్తే క్లినిక్ వాళ్లు "ఎనిమిదో సిటింగు తర్వాత చూడండి సార్" అన్నారు. ఈయన బ్యాంకుకెళ్లి మాండేటు రద్దు ఫారం నింపి ఇచ్చారు. బ్యాంకు రద్దు చేసింది. చెయ్యక తప్పదు, ఖాతా ఆయనది, హక్కు ఆయనది. వెనకాల అప్పు తీరిందా అని ఆరా తీయడం బ్యాంకు పని కాదు. రసీదుని లామినేషన్ చేయించి పార్కుకి తెచ్చి చూపించారు.

తర్వాతి నెల ఐదున ఒక అమ్మాయి ఫోన్ చేసింది.

"సార్, ఈ నెల మీ ఈఎమ్ఐ బౌన్స్ అయింది సార్."

"బౌన్స్ కాలేదమ్మా. నేనే ఆపాను."

"ఎందుకు సార్?"

"జుట్టు రాలేదు."

అవతల కాసేపు చప్పుడు లేదు. "సార్, మాది ఫైనాన్సు సార్."

"తెలుసమ్మా. మీ ఫైనాన్సుతో మొలిచిన వెంట్రుక ఒక్కటి చూపించు, ఇప్పుడే కడతాను."

"మాకు వీడియో కాల్ ఉండదు సార్."

ఈ సంభాషణ ఆయన నటించి చూపిస్తుంటే పార్కులో నవ్వనివాడు లేడు. నేనూ నవ్వాను. కానీ చెరువు మీద అలిగినవాడి సామెత మీకు తెలిసే ఉంటుంది, రెండో సగం ఇక్కడ రాయడం మర్యాద కాదు. మోసం చేసింది క్లినిక్. దాని మీద జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. అప్పు రద్దు చేసుకుంటారా, క్లినిక్ నుంచి రాబట్టుకుంటారా తేల్చమని ఫైనాన్సు కంపెనీకి కాగితం మీద రాయొచ్చు. తేలేదాకా వాయిదా కట్టొచ్చు. ఇదంతా చెప్పాను. "కమిషన్‌లో కూడా సంతకాలు పెట్టమంటారు కదండీ" అన్నారు అనుమానంగా.

ఆయన ఆపింది డబ్బు వెళ్లే దారిని. బాకీ మాత్రం దాని పాటికది నడుస్తూనే ఉంది. మన సిబిల్ రిపోర్టులో ఒక్కో అప్పుకీ 36 నెలల గడులు కనిపిస్తాయి. ఒక్కో గడిలో ఆ నెలకి బాకీ ఎన్ని రోజులు ఆలస్యమైందో అంకె వేస్తారు. సున్నాలుంటే శుభం. 90 రోజులు దాటితే మొండి బకాయి కింద జమ. వెనకటికి ఈ సమాచారం నెలకోసారి చేరేది, 2025 జనవరి నుంచి పక్షానికోసారి పంపమన్నారు. ఆయన గడుల్లో 27, ఆ తర్వాత 58, ఆ తర్వాత 88 పడ్డాయి. కట్టకపోవడానికి కారణం రాసే గడి మాత్రం అందులో లేదు.

ఆ తర్వాత కంపెనీయే దిగొచ్చింది, ఆయన భాషలో. మిగిలిన నలభై వేలకీ, పైన ఛార్జీలకీ బదులు 25 వేలు కట్టేస్తే వ్యవహారం ముగిద్దామంది. ఈయన 22కి బేరమాడారు. ఒప్పుకున్నారు. ఆ రోజు పార్కులో మైసూర్‌పాక్ పంచారు, నెయ్యిది. పూర్తిగా తీర్చిన అప్పుకి ఒక రకం ముద్ర, తగ్గించి తెంచుకున్న అప్పుకి ఇంకో రకం ముద్ర వేస్తారని, రెండోది చూడగానే తర్వాత అప్పిచ్చేవాడు కళ్లజోడు సవరించుకుంటాడని ఆ మైసూర్‌పాక్ తింటూ ఎవరు చెబుతారు?

ఈలోపు కొడుక్కి అమెరికాలో ఎమ్మెస్ సీటొచ్చింది. చదువు అప్పుకి తండ్రిని సహ రుణగ్రహీతగా పెట్టి బ్యాంకుకెళ్లారు. మేనేజరుగారు మంచావిడ, కంప్యూటరు చూసి మెల్లిగా చెప్పింది.

"మీ స్కోరు 641 అండీ."

"ఎంతకి?"

"900కి."

లెక్కల మాస్టారికి కాగితం అక్కర్లేదు. "డెబ్భై ఒక్క శాతం. ఫస్టు క్లాసేగా!"

"300 నుంచి మొదలవుతుందండీ."

"అంటే ఖాళీ పేపరిచ్చినా మూడొందలు వేస్తారా?" ఒక్క క్షణం కళ్లు మూసుకున్నారు. "అయితే ఆరొందలకి మూడొందల నలభై ఒకటి. యాభై ఏడు శాతం." గొంతు తగ్గింది. "సెకండు క్లాసు."

750 దాటితే తమకి హాయిగా ఉంటుందని ఆవిడ అంది. ముప్ఫై లక్షల అప్పు అరవై వేల జుట్టు దగ్గర ఆగిపోయింది. ఇది అప్పులతో పోయే సంగతి కూడా కాదు. సిబిల్ బాగాలేదని మహారాష్ట్రలో పెళ్లికొడుకుని వద్దన్నారని 2025లో పత్రికల్లో వచ్చింది. మన పెళ్లిళ్ల పేరయ్యలు జాతకచక్రం పక్కన 36 గడుల చక్రం కూడా పట్టుకు తిరిగే రోజు ఎంతో దూరం లేదు.

ఓడిపోయే మనిషైతే మనం ఆయన గురించి రాసుకోం. మన దేశంలో ఈ లెక్కలు రాసే కంపెనీలు నాలుగున్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. ఏడాదికోసారి ఒక్కోటీ పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ఒక ఎగ్జామినరు కాకపోతే ఇంకో ఎగ్జామినరన్న ఆశతో నాలుగూ తెప్పించారు. మార్కుల్లో తేడా ఉంది గానీ నాలుగింట్లోనూ 27, 58, 88 అలాగే ఉన్నాయి. రిపోర్టులో తప్పుందని ఫిర్యాదు చేస్తే 30 రోజుల్లో తేల్చాలని, లేకపోతే రోజుకి వంద రూపాయలు పరిహారమివ్వాలని రూలుంది. అది చదివి రెండు రోజులు హుషారుగా తిరిగారు. ఫిర్యాదులో కారణం దగ్గర క్లినిక్ కథ రెండు పేజీలు రాశారు. గడువులోగానే జవాబొచ్చింది: వివరాలు సరిగ్గానే ఉన్నాయి, మార్పు అవసరం లేదు.

చివరికి చదువు అప్పు వాళ్లావిడ సహ రుణగ్రహీతగా మంజూరైంది. ఆవిడ బడిలో టీచరు, స్కోరు 790. ఆవిడ కార్డు బిల్లు, బీమా, చిన్న బంగారం అప్పు అన్నీ ఆటో డెబిట్‌లోనే నడుస్తాయి. పిల్లాడి అప్పు వాయిదా కూడా ఆవిడ ఖాతాలోంచే పోతుంది. ఆ ఖాతా పాస్‌వర్డు మాస్టారికి తెలియదు. తెలుసుకునే ప్రయత్నం చేశారని, ఆ రాత్రి భోజనం కాస్త ఆలస్యమైందని విన్నాం.

జుట్టు సంగతి అడిగారా? కొడుకు వెళ్లే ముందు తిరుపతిలో ఇచ్చొచ్చారు. ఉన్నంతలో.

ప్రస్తుతం రద్దారావు గారు సెకండ్ హ్యాండు కారు చూసుకున్నారు, అప్పుకి హామీదారు కావాలట. పార్కులో ఒక్కొక్కరి పక్కనా కాస్త ఎక్కువసేపు నడుస్తున్నారు. మీ పార్కులోనూ ఇలాంటాయన ఉంటారు. సినిమా యాప్ ఎలా ఆపాలో ఆయన్నే అడగండి, ఆయన్ని మించినవాడు లేడు. అప్పు మాండేటు మాత్రం, బాకీ ఏమీ లేదని కంపెనీ రాసిచ్చిన కాగితం చేతికొచ్చాకే తెంచండి. ఇక హామీ సంతకం అడిగితే పెన్నులో ఇంకు లేదనండి. ఆయన ఎగ్గొట్టిన వాయిదా మీ రిపోర్టులోనూ పడుతుంది.