ఎన్నో పెళ్లిళ్ల ఎరికా, ఒకే పెళ్లి సూసన్

అమెరికా టీవీలో బహుమతులు గెలిచినవాళ్లు లెక్కలేనంతమంది. బహుమతి రాకపోవడం వల్లే దేశమంతా పేరు మోగిన నటి మాత్రం ఒక్కతే: సూసన్ లూచీ. ఏబీసీ నెట్‌వర్క్‌లో ‘ఆల్ మై చిల్డ్రన్’ అనే పగటి సీరియల్ వచ్చేది. అందులో ఎరికా కేన్ వేషం ఆవిడది. 1970 జనవరిలో కట్టిన ఆ వేషాన్ని 2011 సెప్టెంబరులో ఏబీసీ సీరియల్ ఆపేస్తే గానీ విప్పలేదు. ఈ 41 ఏళ్లలో వైట్‌హౌస్‌లో నిక్సన్ మొదలు ఒబామా దాకా ఎనిమిది మంది అధ్యక్షులు కాపురం చేశారు. ఎరికాను పెళ్లాడినవాళ్లూ ఎనిమిది మందే.

ఎనిమిది మందితో ఎనిమిది పెళ్లిళ్లయితే లెక్క తేలికగా తేలేది. ఆడమ్ చాండ్లర్, ట్రావిస్ మాంట్‌గోమరీ, దిమిత్రీ మారిక్ అనే ముగ్గురిని ఆమె రెండేసిసార్లు చేసుకుంది. ఆ తర్వాత చాన్నాళ్లకు ట్రావిస్ తోడబుట్టిన జాక్సన్‌నూ చేసుకుంది. అంటే ఒకే ఇంటికి మూడుసార్లు కొత్తకోడలిగా కుడికాలు పెట్టిందన్నమాట. వీటిలో కొన్ని పెళ్లిళ్లు చట్టం ముందు చెల్లవని కథలోనే తేలడంతో అసలు మొత్తం ఎన్ని అనే విషయంలో అభిమానులకు ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. ఆమె ఇంటిపేర్లన్నీ వరసగా రాస్తే కేన్, మార్టిన్, బ్రెంట్, కడహీ, చాండ్లర్, రాయ్, మాంట్‌గోమరీ, మారిక్... ఆధార్ కార్డు మీద ఫొటోకు కూడా చోటు మిగలదు.

పెళ్లికీ పెళ్లికీ మధ్య ఎరికా ఖాళీగా కూర్చునే రకం కాదు. మోడలింగ్ చేసింది, సౌందర్య సాధనాల వ్యాపారం నడిపింది, ప్రియుణ్ణి జైల్లోంచి హెలికాప్టర్‌లో తప్పించింది. ఒకసారి అడవిలో ఎలుగుబంటి ఎదురైతే పారిపోలేదు, చెట్టెక్కలేదు. తానెవరో పేరు చెప్పి మరీ దాన్ని చెడామడా తిట్టింది. పెన్సిల్వేనియాలోని పైన్ వ్యాలీ అనే ఊళ్లో ఈ కథంతా జరుగుతుంది. ఆ ఊరు మ్యాపులో వెతికితే దొరకదు. సీరియల్‌ను సృష్టించిన రచయిత్రి ఆగ్నెస్ నిక్సన్ దాన్ని కాగితం మీద కట్టింది.

అయితే ఆ కాగితాల మీద నవ్వులాట మాత్రమే ఉండేదనుకుంటే పొరపాటు. గర్భస్రావాన్ని చట్టబద్ధం చేస్తూ 1973 జనవరిలో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కొద్ది నెలలకే సీరియల్లో ఎరికా గర్భస్రావం చేయించుకుంది. పగటి సీరియళ్లలో చట్టబద్ధమైన గర్భస్రావం చూపించడం అదే మొదలు. ఆ రోజుల్లో అది గుండెధైర్యం కావాల్సిన పని. మరో మూడు దశాబ్దాలకు కొత్త కథకులు వచ్చి ఆ ధైర్యాన్ని వెనక్కి తీసుకున్నారు. అప్పట్లో డాక్టరు ఆ పిండాన్ని గుట్టుగా తన భార్య గర్భంలోకి మార్చాడనీ, వాడే పెరిగి పెద్దవాడై ఇప్పుడు పైన్ వ్యాలీకి వచ్చాడనీ రాసేశారు. భాగవతంలో దేవకి గర్భాన్ని రోహిణికి మార్చడానికి సాక్షాత్తూ యోగమాయ దిగిరావాల్సి వచ్చింది. పైన్ వ్యాలీలో ఆ పనికి ఎంబీబీఎస్ చాలు.

ఇంత హంగామా చేసిన ఎరికా వెనకున్న సూసన్ కథ పూర్తిగా వేరు. 1946లో న్యూయార్క్ రాష్ట్రంలోని స్కార్స్‌డేల్‌లో పుట్టింది. తండ్రిది ఇటలీ మూలాలున్న కుటుంబం, తల్లివైపు స్వీడన్ మూలాలు. 1968లో మేరీమౌంట్ కాలేజీ నుంచి నాటక విభాగంలో పట్టా పుచ్చుకుని వేషాల వేటలో పడింది. కలర్ టీవీ అప్పుడప్పుడే ఇళ్లలోకి వస్తున్న కాలం. స్టూడియోలో లైట్లు సరిచూసుకోవడానికి కెమెరా ముందు కుర్చీలో కదలకుండా కూర్చునే ఉద్యోగం మొదట దొరికింది. ఆ ఒంటి రంగుతో టీవీలో పైకి రావడం కష్టమని కూడా చెప్పారట. రంగు తక్కువని పెళ్లిచూపుల్లో మొహం మీదే చెప్పేవాళ్లు మనకే కాదు, న్యూయార్క్‌లోనూ ఉంటారు.

పగటి సీరియల్లో నటించడమంటే మేకప్ వేసుకుని కన్నీళ్లు కార్చడమేనని చూసేవాళ్లకు అనిపిస్తుంది. కానీ వారానికి అయిదు ఎపిసోడ్లు. 1977లో అరగంట సీరియల్ గంటకు పెరిగింది. రాత్రి పేజీలకు పేజీలు బట్టీ పట్టాలి, పొద్దున అప్పజెప్పాలి, సాయంత్రానికి అవన్నీ మర్చిపోయి రేపటి పేజీలు మొదలుపెట్టాలి. పరీక్ష రాసి ఇంటికొచ్చేసరికి మర్నాటి హాల్ టికెట్ గుమ్మంలో ఉంటుంది. సినిమాలాగా పది టేకులు తీసుకునే తీరిక ఎవరికీ లేదు. ఈ సీరియల్ మొత్తం పదివేల ఎపిసోడ్లు దాటింది. అన్నిట్లో ఎరికా లేకపోయినా, ఎరికా లేని సీరియల్‌ను ప్రేక్షకులు ఊహించుకోలేదు.

ఇక ఓటముల కథ. పగటి కార్యక్రమాలకు అమెరికాలో డేటైమ్ ఎమ్మీ బహుమతులిస్తారు. ఉత్తమ నటిగా సూసన్ పేరు 1978లో మొదటిసారి జాబితాకెక్కింది. బహుమతి ఇంకొకరికి వెళ్లింది. 1980ల్లోనూ పేరుంది, బహుమతి లేదు. 1990లు వచ్చాయి, అదే తంతు. కవరు చించేదాకా కెమెరా ఆవిడ మొహం మీదే ఉంటుంది. చించాక, మరొకరి గెలుపుకు ఆవిడ ఎంత అందంగా చప్పట్లు కొడుతుందో చూడటానికి మళ్లీ అక్కడికే వస్తుంది. అలా 18 సార్లు. ఎరికాలాగా లేచి అరిచినా తప్పనేవాళ్లు కాదు, కానీ సూసన్ నవ్వేది. ఆ నవ్వు మాత్రం నటన కాదని ఎవరూ ప్రమాణం చేయలేరు.

పుండు మీద కారం చల్లినట్టు, ఆగ్నెస్ నిక్సనే సృష్టించిన మరో సీరియల్ ‘వన్ లైఫ్ టు లివ్’లో ఎరికా స్లెజాక్ అనే నటి ఉండేది. ఆమెకు 1996 నాటికే అయిదు ఎమ్మీలు, తర్వాత ఇంకొకటి. పేరులో ఎరికా ఉన్నావిడ షెల్ఫు నిండిపోయింది, వేషంలో ఎరికా ఉన్నావిడ షెల్ఫు మీద దుమ్ము తుడవడం తప్ప పనిలేదు. అది చాలదన్నట్టు 1993లో ఎరికా కూతురు కెండల్ పాత్రలో సారా మిషెల్ గెల్లర్ అనే టీనేజి అమ్మాయి వచ్చింది. 1995లో యువ నటీమణుల విభాగంలో ఎమ్మీ గెలుచుకుని, అదే ఏడాది సీరియల్ వదిలి వెళ్లిపోయింది. తల్లి పాతికేళ్లుగా చేస్తున్న తపస్సుకు ప్రత్యక్షం కాని దేవుడు పిల్లకు రెండేళ్లలో వరమిచ్చాడు.

ఇన్నిసార్లు ఓడితే ఎవరైనా సిగ్గుతో ముడుచుకుపోతారు. సూసన్ ఓటమిని అమ్మకానికి పెట్టింది. పంచదారకు బదులు వాడే పొడి ప్రకటనలో, ఎమ్మీ ఇవ్వడం లేదని ఎరికా తరహాలో వీరంగం వేసింది. 1990 అక్టోబరులో ‘సాటర్‌డే నైట్ లైవ్’ హాస్య కార్యక్రమానికి ఆతిథ్యమిస్తే, అక్కడివాళ్లు తమ ఎమ్మీలు పట్టుకుని ఆవిడ కళ్లముందే తిరిగారు. నవ్వించేవాళ్లతో కలిసి తనూ నవ్వింది, పారితోషికమూ పుచ్చుకుంది. ఆ కాలంలో ఆవిడ సంపాదన ఏటా పది లక్షల డాలర్లు దాటిందని పత్రికలు రాశాయి. ఓటమికి ఇంత గిట్టుబాటు ధర ఇంకెక్కడా పలికి ఉండదు.

ఇంట్లో మాత్రం ఏ సీరియల్ రచయితకూ పనికిరాని జీవితం. కాలేజీ రోజుల్లో గార్డెన్ సిటీ హోటల్లో సర్వర్‌గా పనిచేస్తున్నప్పుడు ఆస్ట్రియా నుంచి వచ్చిన షెఫ్ హెల్ముట్ హ్యూబర్‌తో పరిచయమైంది. 1969లో పెళ్లయింది. కొడుకు, కూతురు. భర్తే తర్వాత ఆవిడ వృత్తి వ్యవహారాలన్నీ చూసుకున్నాడు. విడాకులు లేవు, మారుపేరుతో తిరిగొచ్చిన కవల సోదరులు లేరు, కోమాలు లేవు. 2022లో ఆయన చనిపోయేదాకా 52 ఏళ్లు సాగిన కాపురం అది. పగలంతా స్టూడియోలో పెళ్లికూతురి గౌను వేసుకుని, సాయంత్రం అదే మొగుడి దగ్గరికి వెళ్లిన మనిషి సూసన్.

1999 మే 21న న్యూయార్క్‌లో 19వసారి పేరు చదివారు. వేదిక మీద షెమార్ మూర్ అనే యువ నటుడు కవరు చించి, లోపల చూసి, ఈ వరస ఇంతటితో ఆగిందని ప్రకటించి సూసన్ పేరు పిలిచాడు. హాలంతా లేచి నిలబడింది. చప్పట్లు నిమిషాల తరబడి ఆగలేదు. సాటి నటీనటులు ఏడ్చారు, వాళ్లకు ఏడవడం రోజూ ఉండే పనే అయినా ఆ రోజు గ్లిజరిన్ అవసరపడలేదు. కన్నీళ్ల మధ్య సూసన్ చెప్పిన మాటల్లో ఒకటి అసలైన సీరియల్ నటి మాట: సోమవారం స్టూడియోకు వెళ్లి మళ్లీ ఎరికా వేషం వేస్తానంది. అదే ఏడాది చివర బ్రాడ్‌వేలో ‘ఆనీ గెట్ యువర్ గన్’ నాటకంలోనూ కొన్ని వారాలు నటించింది.

తర్వాత ఎమ్మీ మళ్లీ రాలేదు. మొత్తం 21 నామినేషన్లకు ఒక్క బహుమతి, అంటే శాతం లెక్కన 5 కూడా దాటదు. మన పదో తరగతిలో అయినా 35 రానిదే పాస్ చేయరు. 2018లో ఛాతీ బిగుతుగా ఉందని ఆసుపత్రికి వెళితే, గుండెకు రక్తం తీసుకెళ్లే ముఖ్యమైన ధమని 90 శాతం మూసుకుపోయిందని చెప్పి స్టెంట్లు వేశారు. ఆడవాళ్లు గుండెనొప్పిని గ్యాసనుకుని వంటింట్లో దాచుకోవద్దని అప్పటినుంచీ వేదికలెక్కి చెబుతోంది. ఎరికా చెప్పిన ఏ డైలాగుకన్నా ఇది పనికొచ్చే మాట.

2023 డిసెంబరులో ఆవిడకు డేటైమ్ ఎమ్మీ జీవిత సాఫల్య పురస్కారం ఇచ్చారు. ఆ పురస్కారానికి నామినేషన్లు ఉండవు, కాబట్టి ఓడిపోయే వీల్లేదు.