పాస్-తూ-గ్రాన్ అనే ఎర్ర వైన్ ఆత్మకథ

ఫ్రాన్స్ తూర్పు భాగంలోని బర్గండీలో పుట్టి, పీనో న్వార్, గామే అనే రెండు నల్లద్రాక్ష రకాల కలయికతో తయారయ్యే పాస్-తూ-గ్రాన్ అనే తేలికపాటి ఎర్ర వైన్, తన పుట్టుపూర్వోత్తరాలనూ తనకు సరిపడే భోజనాన్నీ ఈ ఆత్మకథలో తానే చెప్పుకొంటున్నది. అదే ప్రాంతపు ఖరీదైన వైన్ల సరసన నిలబెట్టి తనను బలహీనమైనదిగా తేల్చడం అన్యాయమనీ, భోజనపు బల్ల దగ్గర తన తేలికదనమే తనకు బలమనీ దాని వాదన.

దాని వంశచరిత్రలో ఒక బహిష్కరణ ఉంది. గామే తీగ పీనోకన్నా ముందుగా పండి, విరగకాసేది కావడంతో పద్నాలుగో శతాబ్దంలో బర్గండీ రైతులు దానిని విరివిగా నాటగా, తన రాజ్యపు వైన్‌కున్న పేరు చెడిపోతుందని తలచిన డ్యూక్ రెండో ఫిలిప్, 1395లో ఆ తీగలను పెకలించివేయాలని శాసనం చేశాడు. దక్షిణాన బోజొలే గ్రానైట్ నేలల్లో గామే స్థిరపడినా, బర్గండీ సామాన్యుల తోటల్లోంచి మాత్రం పూర్తిగా తొలగిపోలేదు. గామే అన్నది పీనోకూ, గువే బ్లాన్ అనే తెల్లద్రాక్షకూ పుట్టిన సంకరమని 1999లో ప్రచురితమైన జన్యు పరిశోధన తేల్చడంతో, డ్యూక్ వెళ్లగొట్టినది తాను మెచ్చిన తీగ సంతానాన్నేనని రుజువైంది.

పీనో, గామేల కలయికకు 1937లో చట్టపరమైన గుర్తింపు లభించింది. ఏ ప్రాంతపు ద్రాక్షతో, ఏ పద్ధతిలో చేసిన వైన్‌కు ఏ పేరు చెల్లుతుందో నిర్ణయించే ‘ఏఓసీ’ అనే ఆ వ్యవస్థ ప్రకారం ఇందులో పీనో కనీసం 30 శాతం, గామే కనీసం 15 శాతం ఉండాలి. విడివిడిగా చేసిన రెండు వైన్లను చివర్లో కలపడానికి బదులు, రెండు రకాల పండ్లనూ ఒకే తొట్టిలో వేసి పులియబెడతారు. పులిసేటప్పుడు వెలువడే వాయువు తొక్కలను పైకి నెట్టి మందపాటి తెట్టుగా నిలబెడుతుంది. దానిని అడపాదడపా రసంలోకి అదుముతూ ఉంటే రంగూ, వగరూ దిగుతాయి. పీనో తొక్క పలుచన, గామేలో వగరు తక్కువ కావడం వల్ల, తొట్టిలోంచి వచ్చేది ఎర్రపండ్ల వాసనతో, చురుకైన పులుపుతో ఉండే పలుచని వైన్.

భోజనంతో దాని పొత్తుకు కారణం ఇక్కడే ఉంది. తొక్కలు, గింజల నుంచి వచ్చే టానిన్ అనే వగరు పదార్థం లాలాజలంలోని ప్రోటీన్లతో కలిసి నోటిని ఆరబెడుతుంది. అది తక్కువగా ఉన్న ఈ వైన్ సున్నితమైన వంటకాలను అణచివేయదు, దానిలోని పులుపు కొవ్వు జిడ్డును కోసివేస్తుంది. అందుకే ఉడికించిన పంది మాంసపు ముక్కలను పార్స్లీ ఆకుతో కలిపి జెల్లీలో గడ్డకట్టించే ‘జాంబొన్ పెర్సియే’కు ఇది చక్కగా అమరుతుంది. ఎర్ర వైన్ పులుసులో వడ్డించే ‘మ్యూరెట్’ గుడ్ల విషయంలో పచ్చసొన నాలుకపై పూతలా పరచుకొన్నప్పుడు, మళ్లీ రుచి తేటపడేలా చేసేది ఈ పులుపే. కాల్చిన కోడికీ, కోంతే జున్నుకూ ఇది తోడుగా నిలుస్తుంది కాని, ఘాటైన వాసన గల ఎపువాస్ జున్ను ముందు తేలిపోతుంది. దాదాపు 13, 14 డిగ్రీల చల్లదనంలో వడ్డిస్తే దీని తాజాదనం నిలుస్తుంది; వెచ్చబడితే ఆల్కహాల్ ముందుకొచ్చి పండ్ల వాసన వెనుకబడుతుంది.

కేవలం పీనోతో చేసిన వైన్‌కు ఎక్కువ ధర పలుకుతుంది కనుక, గామే తీగలు తీసివేసి వాటి స్థానంలో పీనో నాటే పెంపకందారులున్నారు. డ్యూక్ శాసనం పూర్తి చేయలేకపోయిన పనికి ఇప్పుడు అంగడి ధర పూనుకొన్నది కాబట్టి, భోజనానికి పనికివచ్చే చవకైన వైన్‌ను అడిగి కొనేవారు ఉన్నంతకాలమే ఈ వైన్ వంశం బర్గండీలో నిలుస్తుంది.