పంచాయితీ కన్నా ముందు బ్యాంకుకి వెళ్లండి

కిందున్న సలహాల్లో చాలావాటిని ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో ఏ పెద్దమనిషికి చెప్పినా తప్పుడు సలహాలంటాడు. కాపురం విరిగిపోతుంటే ముందు అప్పుల లెక్క తీయడమేమిటని కోప్పడతాడు. ఆడమనిషి నలుగురిలో నిలబడి రశీదు అడిగితే కుటుంబం పరువేం కావాలంటాడు. అయినా చెప్తున్నాను. పంచాయితీ తీర్పులో లేని అప్పు ఎవరి మెడకి చుట్టుకుంటుందో కోంటా, దోర్నాపాల్, భోపాల్‌పట్నం వైపు ఉన్న మన తెలుగువాళ్లకీ, దోర్లా కుటుంబాలకీ తెలియాలి.

విడిపోవడం బస్తర్‌లో కొత్త కాదు, తలవంపులూ కాదు. గోండు, మురియా, దోర్లా ఊళ్లలో పొసగకపోతే పెద్దలు కూర్చుని ‘ఛోడ్-ఛుట్టీ’ చేసేస్తారు. 1955 నాటి హిందూ వివాహ చట్టం సెక్షన్ 2(2) ప్రకారం కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప షెడ్యూల్డు తెగలకు వర్తించదు, కాబట్టి ఇక్కడ ఆచారమే చట్టం. ఆడమనిషి ఇంకొకరి ఇంటికి వెళ్తే ఆ కొత్త మగడు పాత మగడికి పెళ్లి ఖర్చు కడతాడు. విడిపోయిందని ఆమెను ఎవరూ వెలివేయరు. మైదానంలో ఉన్న మనం ఈ విషయంలో వాళ్ల దగ్గర నేర్చుకోవలసింది చాలా ఉంది.

చిక్కంతా వేరే చోట ఉంది. ఆ ఆచారం పుట్టిననాటికి అప్పు మగవాడిది, షావుకారు దగ్గరిది. పంచాయితీ లెక్కలో పశువులుంటాయి, ఇత్తడి గిన్నెలుంటాయి, కల్లు ఖర్చుంటుంది. వారం వారం కట్టే కిస్తీ ఉండదు. ఇవాళ అప్పు ఆడమనిషి పేరు మీదికి మారింది. బిహాన్ మహిళా పొదుపు సంఘం అప్పు ఆమెది. చెట్టు కింద కూర్చోబెట్టి వేలిముద్ర వేయించుకునే మైక్రోఫైనాన్స్ అప్పూ ఆమెదే. ఆ డబ్బుతో వచ్చిన మోటార్‌సైకిల్ ఆర్‌సీ మాత్రం అతని పేరున ఉంటుంది. ధాన్యం అమ్మే రిజిస్ట్రేషన్ అతనిది, పాస్‌బుక్కు ఉండేది అతని ట్రంకుపెట్టెలో. విడాకుల రోజున ఆస్తి ఒక వైపు వెళ్తే అప్పు ఇంకో వైపు వెళ్తుంది.

అందుకే మొదటి మాట: పంచాయితీ కన్నా ముందు అప్పిచ్చినవాళ్ల దగ్గరికి వెళ్లండి. ‘ఈ అప్పు అతనే కడతాడు’ అని పదిమంది పెద్దలు ఒప్పించినా ఆ ఒప్పుకోలు బ్యాంకుని కట్టిపడేయదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 43 చూడండి. ఇద్దరు కలిసి సంతకం పెట్టిన అప్పుకి బ్యాంకు ఎవరో ఒకరిని పట్టుకుని మొత్తం అడగొచ్చు. సగం సగం అనేది మీ ఇద్దరి మధ్య మాటే. హామీ సంతకం పెట్టినవాళ్ల బాధ్యతా అప్పు తీసుకున్నవాళ్ల బాధ్యతతో సమానమేనని సెక్షన్ 128 చెప్తుంది. కాబట్టి ముందు అడగాల్సింది ఇది: బాకీ ఎంత, నా సంతకం ఏ హోదాలో ఉంది, అప్పు తీసుకున్న మనిషిగానా, హామీదారుగానా? ఆ తర్వాత దారులు రెండే. పశువునో బండినో అమ్మి అప్పు తీర్చేయడం ఒకటి. పాత అప్పు మూసి ఒకరి పేరున కొత్తది రాయించి, రెండోవాళ్లను వదిలేసినట్టు కాగితం తీసుకోవడం రెండోది. అప్పిచ్చినవాళ్లు ఒప్పుకోకుండా పేరు మారదు.

సంఘం అప్పైతే కథ ఇంకా సున్నితం. ఆమె పుట్టింటికి వెళ్లిపోయాక కిస్తీ ఆగితే ఆ బరువు పడేది మగడి మీద కాదు, అతని ఊళ్లోనే ఉన్న పదిమంది ఆడవాళ్ల మీద. నిన్నటిదాకా ఆమెకు తోడున్నవాళ్లే రేపు ఆమె పేరెత్తితే మొహం తిప్పుకుంటారు. సిగ్గుపడి చెప్పకుండా వెళ్లిపోకండి. సమావేశంలో లేచి చెప్పండి, మినిట్స్ రిజిస్టర్‌లో రాయించండి: పొదుపులో నా జమ ఇంత, నా బాకీ ఇంత, ఎవరు ఎప్పటికి కడతారు. అధ్యక్షురాలి సంతకం పడ్డ ఆ పేజీని ఫోనులో ఫొటో తీసుకోండి.

రెండోది వినడానికి మరీ చేదుగా ఉంటుంది. కోపం మీద కిస్తీ ఆపకండి. ‘కట్టడం మానేయ్, అప్పుడు వాడికే తెలుస్తుంది’ అని చుట్టాలు ఎగదోస్తారు. వాడికి తెలిసేలోపు మీ పేరు క్రెడిట్ బ్యూరోలో ఎగవేతదారుగా ఎక్కుతుంది. రేపు ఒంటరిగా బతకడానికి మేకలు కొనాలన్నా అప్పు పుట్టదు. మీ వాటాకి మించి కట్టారా? రశీదు దాచుకోండి. అదే సెక్షన్ 43 కింద రెండోవాళ్ల వాటా అడిగే హక్కు మీకుంది. హామీదారుగా మీరు కట్టినదైతే మొత్తం అప్పు తీసుకున్నవాళ్ల దగ్గర వసూలు చేసుకోవచ్చు. నిజంగా చేతకాకపోతే ఆ మాటే ఆఫీసులో రాతపూర్వకంగా చెప్పండి. 2022 మార్చి 14న రిజర్వు బ్యాంకు ఇచ్చిన మైక్రోఫైనాన్స్ నిబంధనల ప్రకారం వసూలు ఏజెంటు ఉదయం 9 గంటల ముందు, సాయంత్రం 6 దాటాక రాకూడదు. మీరూ అప్పిచ్చినవాళ్లూ ఒప్పుకున్న చోటే వసూలు జరగాలి. మీరు ఆ చోటికి వరసగా రెండుసార్లు రాకపోతేనే ఏజెంటు ఇంటికి రావొచ్చు. మిరపకాయలు ఏరడానికి భద్రాచలం, ఖమ్మం వైపు వచ్చేవాళ్లు బయల్దేరే ముందే వెళ్తున్న సంగతి ఆఫీసులో చెప్పి రావాలి. లేకపోతే ఊళ్లో లేని మనిషిని ‘పారిపోయింది’ అని రాసేస్తారు.

మూడో సలహాకి పెద్దలతో పాటు చదువుకున్నవాళ్లూ ఎగిరిపడతారు: వరి వేసి ఉంటే, ఇంట్లో కొట్టడం, బెదిరించడం లేకపోతే, ధాన్యం అమ్ముడయ్యేదాకా తెగదెంపులు ఆపండి. కొట్టే ఇంట్లో ఒక్క పూట కూడా ఉండమని నేను చెప్పను. కానీ మనసు విరిగి మాత్రమే విడిపోతున్నవాళ్లకు ఆ రెండు మూడు నెలలు విలువైనవి. ఛత్తీస్‌గఢ్‌లో 2023 నుంచి క్వింటాలుకి 3,100 రూపాయలు, ఎకరాకి 21 క్వింటాళ్ల దాకా కొంటున్నారు. సహకార సమితి పంట అప్పుని ఆ డబ్బులోంచే కోసుకుంటుంది. అప్పు పోగా మిగిలిందెంతో ఇద్దరి కళ్లెదుట తేలుతుంది. నాట్లేసి, కలుపు తీసి, కోత కోసిన మనిషి నవంబర్‌లో చేతులూపుకుంటూ వెళ్లిపోతే ఆ లెక్కే ఉండదు. తునికాకుదీ అంతే. ఆకు కొనే ఫడ్ దగ్గర కార్డు ఇంటి పెద్ద పేరున ఉంటుంది, తెల్లవారుజామున అడవికి పోయి ఆకు కోసేది మీరు. వచ్చే సీజన్‌కి మీ పేరున వేరే కార్డు, వేరే ఖాతా కావాలని ఫడ్ మున్షీని ఇప్పుడే అడిగి పెట్టండి.

భూమి సంగతికొస్తే, ‘వెళ్లిపోతున్నావుగా, పేరు తీయించుకో’ అనే మాటకు తలూపకండి. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 4(4) ప్రకారం పెళ్లైనవాళ్లకిచ్చే పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా రాయాలి. అది వారసులకు వస్తుంది గానీ అమ్మడానికి వీల్లేదు, మరొకరికి రాసివ్వడానికీ వీల్లేదు. కాబట్టి వేలిముద్ర వేయించుకుని ఆ భూమిని ఎవరో కొనేశారంటే ఆ కాగితానికి విలువ లేదు. విడిపోయినప్పుడు పట్టా ఏమవ్వాలో ఆ చట్టం చెప్పలేదు. చెప్పని చోట మాట్లాడాల్సింది గ్రామసభ. వివాదాలు ఆచారం ప్రకారం తీర్చుకునే అధికారాన్ని 1996 పెసా (షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీ) చట్టం గ్రామసభకు గుర్తించింది. సభలో ఆడవాళ్లు కూర్చున్న రోజు చూసుకుని మీ మాట ఎత్తండి. దున్నేది ఎవరు, పంటలో నా వాటా ఎంత, పిల్లల పేర్లేమిటి అన్నవి తీర్మానంలో ఉండాలి. ఇల్లు వదిలినా పట్టా మీద పేరు వదలక్కర్లేదు.

మామగారి పేరున ఉన్న రెవెన్యూ భూమి మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. పెళ్లితో సంపాదన సగం సగమయ్యే పద్ధతి గోవాలో ఉంది గానీ ఇక్కడ లేదు. ఆ భూమిలో బోరు వేయించడానికి మీరు తీసుకున్న అప్పుని అడగండి, భూమిని కాదు. భూమి అడిగే హక్కు మీకు పుట్టింటి వైపుంది. తెగ ఆడపిల్లకు వాటా లేదనే ఆచారం ఉందని రుజువు కానప్పుడు ఆమెకూ, ఆమె సంతానానికీ సమాన వాటా ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 2025 జులై 17న తీర్పు చెప్పింది. ఆ కేసు ఈ రాష్ట్రంలోనే సుర్‌గుజా వైపు గోండు కుటుంబానిది. కింది కోర్టులూ హైకోర్టూ కాదన్న వాటా సుప్రీంకోర్టులో దక్కింది. అన్నదమ్ములు ‘నీకేముంది ఇక్కడ’ అంటే ఈ తీర్పు గుర్తుచేయండి.

కట్టుబట్టలతో గౌరవంగా వెళ్లిపోవాలన్న పంతం వద్దు. 2005 గృహహింస చట్టం ఏ తెగకైనా, ఏ మతానికైనా వర్తిస్తుంది. పెళ్లి తంతు లేకుండా కలిసి బతికినవాళ్లనీ లెక్కలోకి తీసుకుంటుంది. హింస జరిగి ఉంటే మీ నగలు, గిన్నెలు, కాగితాలు తిరిగిప్పించమని మేజిస్ట్రేటుని అడగొచ్చు. ‘ఇద్దరి ఇష్టంతో విడిగా ఉంటున్నాం’ అని మాత్రం ఆలోచించకుండా రాసివ్వకండి. పెద్దలకు ఆ వాక్యం మర్యాదగా కనిపిస్తుంది. ఛోడ్-ఛుట్టీ పూర్తికాకుండా ఆ కాగితం ఇస్తే కొత్త నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 144 కింద భరణం అడిగినప్పుడు అదే అడ్డం తిరుగుతుంది. ముందు వకీలుకి చూపించండి. ఆడవాళ్లకూ, షెడ్యూల్డు తెగలవాళ్లకూ ఆదాయంతో పని లేకుండా న్యాయసేవా సంస్థ వకీలుని ఉచితంగా ఇస్తుంది. ఫోను 15100. రాష్ట్రం ఆడవాళ్లకిచ్చే మహతారీ వందన్ పథకం కింద నెలకు వచ్చే 1,000 రూపాయలు పోతాయన్న భయమూ వద్దు, విడాకులైనవాళ్లూ భర్త వదిలేసినవాళ్లూ ఆ పథకంలో అర్హులే. డబ్బు పడే ఖాతా మీ ఒక్కరి పేరున ఉందో లేదో చూసుకోండి. ఉమ్మడి ఖాతా ఉంటే, ఇద్దరి సంతకం లేకుండా డబ్బు ఇవ్వొద్దని బ్యాంకుకి ఆ రోజే ఉత్తరం ఇవ్వండి.

ఇక పెద్దలకు అన్నిటికన్నా తప్పుగా తోచే సలహా. కొత్త మగడు పాత మగడికి కట్టే పెళ్లి ఖర్చులోంచి ఆమె పేరున ఉన్న అప్పుని మినహాయించండి. పాత మగడి బండి కోసం తీసుకున్న 40,000లో ఇంకా 22,000 బాకీ ఉందనుకోండి. పంచాయితీ 30,000 చెల్లించమంటే, 22,000 నేరుగా అప్పిచ్చినవాళ్లకు వెళ్లాలి, మిగతా 8,000 అతనికి. ఆచారానికి ఇందులో భంగమేమీ లేదు. అతనికి రావలసింది వచ్చింది, అతను వాడుకున్నది తీరింది. ఈ మాట పంచాయితీలో మొదట ఎత్తే ఆడమనిషి మీద అరుస్తారు. ఒంటరిగా ఎత్తకండి, సంఘం అధ్యక్షురాలిని పక్కన కూర్చోబెట్టుకుని ఎత్తండి, అప్పు తీరకపోతే మునిగేవాళ్లలో ఆమె కూడా ఉంది. ఒప్పుకున్నాక కాగితం మీద అప్పు నంబరు, మొత్తం, గడువు తేదీ రాయించి ఊరి పెద్ద పటేల్ చేతా కావలిదారు కోట్వార్ చేతా సంతకం పెట్టించండి. అప్పు తీరినట్టు రశీదు వచ్చాకే మిగతా డబ్బు చేతులు మారాలి.