నాకంటే నేను పదిహేనేళ్ళు పెద్ద

నాకు 48 ఏళ్ళు. పదో తరగతి సర్టిఫికెట్టు అదే చెబుతుంది, ఆధార్ కార్డు అదే చెబుతుంది, దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడాది పుట్టావని మా అమ్మా అదే చెబుతుంది. పదకొండు రోజులుగా మా బాత్రూం గుమ్మం పక్కన పడున్న ఒక అద్దపు పలక మాత్రం కాదు, 63 అంటోంది.

ఆ పలక మా బావమరిది ఇచ్చిన పుట్టినరోజు కానుక. పూర్వం బావమరుదులు చొక్కా గుడ్డ పెట్టేవారు. ఇది ఎక్కితే బరువొక్కటే చెప్పి ఊరుకోదు. కొవ్వెంత, నీరెంత, ఎముకెంత అని వరసగా ఫోనులోకి పంపి, చివర్న ఎర్రక్షరాల్లో ‘శరీర వయసు’ అని ఒకటి పడేస్తుంది. పెళ్ళిచూపుల్లో కూడా నన్నిన్ని వివరాలు ఎవరూ అడగలేదు.

మొదటి రోజు ఇంట్లో అందరూ నవ్వుకున్నారు. రెండో రోజు నుంచి మర్యాద మొదలైంది. గ్యాస్ బండ జరపబోతే మావాడు “నువ్వుండు నాన్నా” అని చేతిలోంచి లాక్కున్నాడు. బ్యాంకులో డబ్బు వెయ్యాల్సి వస్తే మా ఆవిడ “సీనియర్ సిటిజన్లకి అర శాతం ఎక్కువిస్తారట కదండీ, ఈ పలక చెప్పింది చూపిస్తే ఒప్పుకుంటారేమో కనుక్కోండి” అంది. రైళ్ళలో పెద్దవాళ్ళ రాయితీ 2020లోనే ఎత్తేశారు గాని, లేకపోతే టికెట్టు కూడా ఆ లెక్కనే కొనిపించేది.

నాలుగో రోజుకి నాకు పౌరుషం వచ్చి, అసలు ఇది నా వయసెలా కనిపెడుతోందో ఆరా తీశాను. ఎక్కి నిలబడగానే ఒక పాదంలోంచి ఇంకో పాదంలోకి మనకు తెలియనంత సన్నని కరెంటు పంపుతుందట. నీరున్న కండలోంచి కరెంటు సులువుగా పోతుంది, కొవ్వు అడ్డుపడుతుంది. ఆ అడ్డుని బట్టి కొవ్వెంతో ఒక అంచనా. ఆ అంచనాకి మనం ఫోనులో నొక్కిన ఎత్తూ వయసూ కలిపి, ఒళ్ళు రోజుకెంత ఖర్చు పెడుతుందో మరో అంచనా. ఆ ఖర్చు ఏ వయసువాళ్ళ ఖర్చులా ఉందో చూసి, వయసు ఇంకో అంచనా. ఇలా ఒకదాని మీద ఒకటి మూడంతస్తులు వేస్తే మా ఊళ్ళో ప్లాను కూడా పాస్ చెయ్యరు.

ఆ ఖర్చుని, అంటే మెటబాలిజాన్ని, నిజంగా కొలవాలంటే మనిషిని కదలకుండా పడుకోబెట్టి, తల మీద పారదర్శకమైన బుట్టలాంటిది బోర్లించి, పీల్చిన ఆక్సిజనెంత, వదిలిన కార్బన్ డయాక్సైడెంత అని లెక్క కట్టాలి. లేదా ప్రత్యేకమైన నీళ్ళు తాగించి, వారం పది రోజులు మూత్రం పరీక్ష చెయ్యాలి. ఇదేమో అరికాళ్ళు తగలగానే చెప్పేసింది. చెయ్యి చూసి జాతకం చెప్పేవాడు కూడా మరీ అంత తొందరపడడు, కాసేపు పట్టుకుంటాడు.

కాళ్ళు కడుక్కుని తడిగా ఎక్కితే ఒక కొవ్వు, తుడుచుకుని ఎక్కితే ఇంకో కొవ్వు చూపించింది. చివరికి నా వయసు 35 అని అబద్ధం నొక్కాను. శరీర వయసు 50 అంది. మనం ఎంతని చెప్పినా దానికో పదిహేను కలుపుతోంది. మా తాతగారి ఊళ్ళో ఒక షావుకారు నోట్లు ఇలాగే రాసేవాడట.

అసలు ఈ మెటబాలిజం అనే మాట మా చిన్నప్పుడు లేదు. తత్వం ఉండేది. “వాడిది ఒళ్ళొచ్చే తత్వమే” అని ఎవరైనా అంటే అక్కడితో కేసు కొట్టేసేవారు. ఇప్పుడు మా పార్కులో ప్రతివాళ్ళూ “నాది చాలా స్లో అండీ” అంటున్నారు, ఇంటర్నెట్టు కనెక్షను గురించి చెప్పినట్టు. లావుగా ఉన్నవాళ్ళది స్లో, సన్నగా ఉన్నవాళ్ళది ఫాస్టు అని అక్కడొక సిద్ధాంతం. నిజానికి ఒళ్ళు పెద్దదయ్యేకొద్దీ ఊరికే కూర్చున్నా ఖర్చు పెరుగుతుంది. ఆటోకంటే లారీ ఎక్కువ డీజిల్ తాగుతుందని ఒప్పుకున్నవాళ్ళు కూడా మనిషి దగ్గరకొచ్చేసరికి ఒప్పుకోరు.

నేనైనా ఎనిమిదేళ్ళుగా ఒకే మాట మీద బతుకుతున్నాను: “నలభై దాటాయి కదా, మెటబాలిజం పడిపోతుంది.” ఎంత హాయైన వాక్యం! అందులో నా తప్పేమీ లేదు, జంతికల తప్పు కూడా లేదు. ఆ వాక్యాన్ని 2021లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన నా నోట్లోంచి లాగేసుకుంది. 29 దేశాల్లో, ఎనిమిది రోజుల పసిగుడ్డు నుంచి 95 ఏళ్ళ వృద్ధుల దాకా, 6,400 మందికి పైగా లెక్కలు తీశారు. ఏడాది పిల్లలు తమ ఒంటి లెక్కకి పెద్దవాళ్ళకంటే ఒకటిన్నర రెట్లు ఖర్చు చేస్తారు. ఆ వేగం మెల్లగా దిగుతూ వచ్చి, ఇరవై దగ్గర ఆగుతుంది. ఇక ఇరవై నుంచి అరవై దాకా, ఒంటి పరిమాణం లెక్కలోకి తీసుకుని చూస్తే, కదలదు. అరవై దాటాక కూడా తరిగేది ఏడాదికి 0.7 శాతం.

అంటే, పోనీ ఆ పలక మాటే నిజమై నాకు 63 అనుకుందాం. మూడేళ్ళకి తరిగింది మహా అయితే రెండు శాతం. రెండు శాతానికి ఇంత పొట్టా?

బుద్ధి లేక ఇదంతా మా ఆవిడకి చదివి వినిపించాను. పలక తప్పని నిరూపిద్దామని నా ఉద్దేశం. ఆవిడ చివరిదాకా శ్రద్ధగా విని, “అయితే మీ మెటబాలిజానికేమీ కాలేదన్నమాట. మరి డబ్బాలో జంతికలు ఏమవుతున్నాయో!” అంది.

ఇక బావమరిది సలహాలు. పొద్దున్నే గోరువెచ్చటి నీళ్ళలో నిమ్మకాయ, తేనె. తేనె కొవ్వుని కరిగిస్తుందట. పెద్ద చెంచా తేనెలో 60 కేలరీల పైనే ఉన్నాయని నేనంటే “అది మంచి కేలరీ బావా” అన్నాడు. రోజూ పదివేల అడుగులు. ఆ పదివేలు 1965లో జపానులో ఒక గడియారాల కంపెనీ అడుగులు లెక్కపెట్టే పరికరానికి పెట్టిన పేరు. ఆ కంపెనీవాడు పన్నెండు వేలని పేరు పెట్టుంటే ఈపాటికి నా మోకాళ్ళు ఏమయ్యేవో! పార్కులో గంటసేపు తిరిగితే నాకు ఖర్చయ్యేది అటూ ఇటూగా 200 కేలరీలు, గేటు బయట పెసరట్టు ఉప్మా ముందు అదెంత? అన్నిటికంటే ముఖ్యంగా, రాత్రి అన్నం మానేసి చపాతీ.

ఈ చపాతీ దగ్గర నాకు నిజంగానే ఒళ్ళు మండుతుంది. వంద గ్రాముల బియ్యంలో ఎంతో, వంద గ్రాముల గోధుమ పిండిలోనూ ఇంచుమించు అంతే, 350 కేలరీలకు అటూ ఇటూ. గోధుమ పిండిలో పీచు కాస్త ఎక్కువుంటుంది, కాదనను. కాని పెనం మీద చుట్టూ వేసే నూనె, తోడుగా వచ్చే బంగాళాదుంప కుర్మా ఎవరి ఖాతాలోనూ పడవు. అన్నం తినేవాడికి మారు వడ్డించుకునేటప్పుడు కాస్త సిగ్గుంటుంది. చపాతీ తినేవాడు పథ్యంలో ఉన్నట్టే లెక్క కనక ఆరు తింటాడు. “రాత్రికి ఏం తీసుకుంటారండీ?” అని అడగండి, మన ఊళ్ళలో ఎక్కడైనా సరే. “ఏమీ లేదండీ, చపాతీలే” అంటారు. ఆరు చపాతీలకి తెలుగులో ఏమీ లేదని అర్థం.

ఈ సలహాదారులందరికంటే ఇటలీలో పాదువా ఊరి డాక్టరు సాంటోరియో నయం. ఆయన సంగతి రెండు ముక్కల్లో చెప్పి వదిలేద్దామనుకున్నాను గాని, నావల్ల కావడం లేదు. 1614లో పుస్తకం రాసిన మనిషి. దూలానికి ఒక పెద్ద కాటా వేలాడదీసి, దాని చివర కుర్చీ కట్టి, అందులో కూర్చుని తనను తాను తూచుకున్నాడు. ఒక రోజు కాదు, దగ్గర దగ్గర ముప్పయ్యేళ్ళు. తిన్నది తూచేవాడు, తాగింది తూచేవాడు, బయటికి పోయినదీ తూచేవాడు. ఆ మూడోదాన్ని తూచే పని నౌకర్లకి అప్పజెప్పాడో, తనే చేసుకున్నాడో గాని, ముప్పయ్యేళ్ళపాటు ఒక ఇంట్లో అది నడిచిందంటే ఆ ఇంటివాళ్ళకి చేతులెత్తి దణ్ణం పెట్టాలి. మా ఇంట్లో అయితే రెండో రోజే కుర్చీ అటక మీదుండేది, మూడో రోజు నేనూ ఉండేవాణ్ణి.

ఆ కుర్చీలో ఇంకో కిటుకుంది. ఎంత తినాలో ముందే కాటాకి రాయి పెట్టుకుని భోజనానికి కూర్చుంటే, అంత బరువూ కడుపులోకి చేరగానే కుర్చీ కిందికి దిగుతుంది. కంచం పైన, మనిషి కింద. ఇక లేవాల్సిందే.

ఇది విన్నప్పటినుంచి ఆ కుర్చీలు మన పెళ్ళి పంక్తుల్లో వేసినట్టు ఊహించుకోకుండా ఉండలేకపోతున్నాను. పప్పూ నెయ్యీ దాకా అందరూ ఒకే ఎత్తులో ఉంటారు. పులిహోర రాగానే మగపెళ్ళివారి వైపు పెదనాన్నగారు రెండంగుళాలు కుంగుతారు. సరిగ్గా పూర్ణం బూరెలు వచ్చే సమయానికి సగం పంక్తి బల్లకింద ఉంటుంది. వడ్డించేవాడు బూరెల పళ్ళెం పట్టుకుని వంగి, “ఎవరున్నారండీ ఇక్కడ?” అని వెతుక్కుంటాడు. కింద నుంచి ఒక చెయ్యి పైకి లేస్తుంది. “ఇంకొక్కటి” అని మర్యాద చేసే పెళ్ళికూతురి మేనమామ ఆ చేతిలో నాలుగు బూరెలు పెట్టి, గుంట చేసి నెయ్యి పోస్తాడు. ఆడపెళ్ళివారి మర్యాద ఎంత గొప్పదో ఇకమీద కుర్చీలు ఎంత లోతుకు దిగాయన్నదాన్ని బట్టి చెప్పుకుంటారు. “వాళ్ళింటి పెళ్ళిలో మా తమ్ముడు మూడడుగులు దిగాడమ్మా!” పైన మిగిలేది మా బావమరిదొక్కడే. “నాకేమీ వద్దండీ, రెండు చపాతీలు చాలు.”

నవ్వుతున్నాం గాని, సాంటోరియోకి దొరికిన సంగతి చిన్నది కాదు. రోజుకి ఎనిమిది పౌండ్లు లోపలికి పోతే, కంటికి కనిపించేలా బయటికొచ్చేది మూడు పౌండ్లే. మిగతా అయిదూ మనకు తెలియకుండానే ఆవిరై పోతున్నాయని తేల్చాడు. నాలుగు వందల ఏళ్ళ తరవాత, 2014లో, ఇద్దరు ఆస్ట్రేలియావాళ్ళు కొవ్వు లెక్క తేల్చి బ్రిటిష్ మెడికల్ జర్నల్లో రాశారు. పది కిలోల కొవ్వు కరిగితే 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడుగా ఊపిరిలోంచి పోతుంది, 1.6 కిలోలు నీరవుతుంది. అంతకుముందు వాళ్ళు డాక్టర్లనీ, డైటీషియన్లనీ, జిమ్ము ట్రైనర్లనీ అడిగితే, కొవ్వు వేడిగా మారిపోతుందనే ఎక్కువమంది చెప్పారట. మా పార్కులో అడిగితే చెమటలో కారిపోతుందంటారు. అందుకే ఎండలో స్వెటర్లు వేసుకుని తిరుగుతారు. కొవ్వు పోయేది ముక్కులోంచని నేను చెబితే ఒకాయన బెంచీ మీద కూర్చుని గబగబా ఊపిరి వదలడం మొదలుపెట్టాడు. అలా చేస్తే తల తిరుగుతుంది తప్ప కొవ్వు తరగదని చెప్పేలోపే ఆయనకి తిరిగింది.

మా పార్కులో లెక్కల మాస్టారొకరు ఉండేవారు. రిటైరయ్యారు. సంక్రాంతి ముందు నుంచి ఆయన చొక్కా వదులవడం మొదలైంది. రెండు నెలల్లో పదీ పన్నెండు కిలోలు తగ్గుంటారు. మేమంతా చుట్టూ మూగేవాళ్ళం. ఏం డైట్ మాస్టారూ, ఎన్ని అడుగులు, రాత్రికి ఏం తీసుకుంటున్నారు? “నేనేమీ చెయ్యట్లేదయ్యా, దానంతటదే తగ్గుతోంది” అనేవారు. ఫస్టు ర్యాంకు వచ్చినవాడు నేనేం చదవలేదండీ అంటాడే, అలా దాచుకుంటున్నారనుకున్నాం. నేనైతే ఒకరోజు అందరి ముందూ “మీ మెటబాలిజం మాక్కాస్త అప్పివ్వండి మాస్టారూ” అన్నాను. ఆయన నవ్వి, బెంచీ మీద కూర్చుని, చెప్పు సరిచేసుకున్నారు. అందులోంచి పాదం జారిపోతోందని నేను చూశాను కూడా. ఉగాదికి ఆయన లేరు.

ఆయన మాకు మూడుసార్లు చెప్పారు, దానంతటదే తగ్గుతోందని. లెక్కల మాస్టారు. ఉన్నదున్నట్టే చెప్పారు.

మొన్న ఆదివారం పార్కులో, నాకు ముఖపరిచయం ఉన్న ఒకాయన ఎదురయ్యారు. ప్యాంటు నడుం దగ్గర ఒక చేత్తో పట్టుకుని నడుస్తున్నారు, బెల్టుకి కొత్త చిల్లొకటి పడింది. ఏం డైటండీ అన్న మాట నాలిక చివరదాకా వచ్చింది. మింగేసి, “బాగున్నారా? ఆరోగ్యం బాగుంటోందా?” అన్నాను, కాస్త దగ్గరగా జరిగి, గొంతు తగ్గించి.

ఆయన నిలబడిపోయారు. మొహం చిన్నబోయింది.

“అదేంటండీ అలా అడుగుతారు! ఆరు కిలోలు తగ్గాను. మీకేమీ కనబడలేదా?”