ఎన్ని గుర్రాలు స్వామీ?

అరసవల్లి సూర్యనారాయణస్వామి రథానికి గుర్రాలు ఏడే, చక్రం ఒక్కటే. లోకమంతా చుట్టొచ్చినా చుక్క పెట్రోలు ఖర్చుండదు. ఆయన దర్శనానికి శ్రీకాకుళం నుంచి రెండు మూడు కిలోమీటర్లు వెళ్లాలంటే మనకు మాత్రం 80 గుర్రాల బలమున్న కారు కావాలి!

ఇంట్లో పొదుపు తీర్మానం ఘనంగానే జరిగింది: ఆదివారం కారు తీయరాదు. వెంటనే ఓ సవరణ: దేవుడి పని లెక్కలోకి రాదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ ఉచితం కదా, అత్తాకోడళ్లు బస్సే ఎక్కారు. వాళ్లను బస్టాండులో దింపడానికి కారు తీశారు.

గుళ్లో మొక్కులు రెండు: పొట్ట తగ్గాలి, పెట్రోలు ఖర్చు తగ్గాలి. నడిస్తే రెండూ తీరిపోవా? తీరిపోతే స్వామికింక పనేటుంటాది!