సెలవు చీటీ: టీకా తాత్పర్య సహితము

మూలము: “సర్, మా మామ్మ పోయినందున కైండ్లీ రెండు దినములు సెలవు గ్రాంట్ చేయ ప్రార్థన. యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ.”

అవతారిక: ఒక గుమాస్తా పై అధికారికి విన్నవించుకొనుచున్నాడు. ఈ మామ్మయే నిరుడు సంక్రాంతి ముందు కూడ గతించెనని తోటివారందురు. అది వ్యాఖ్యాతకు అప్రస్తుతము. చీటీలో శవము కలదా యనునదే విచార్యము. కలదు. ఒకటి గాదు, రెండు.

ప్రతిపదార్థము: సర్ = అయ్యా; మా మామ్మ = స్పష్టము; పోయినందున = సందేహము; కైండ్ = దయగల; లీ = దేహముతో; యువర్స్ = మీవాడను; ఫెయిత్‌ఫుల్ = నమ్మకముగల; లీ = మరల దేహముతో.

వ్యాఖ్య: లీ యనునది ప్రాచీనాంగ్లమందలి ‘లీచ్’ అను శబ్దము అరిగిపోగా మిగిలిన తోక. దానికి దేహమని, ఆకారమని అర్థము. ఊపిరి ఉన్నను లేకున్నను ఒకటే. విచ్, సచ్, ఈచ్ అను పదముల చివరి చకారము కూడ ఈ లీచ్ ఎముకయే. ‘వలె’ అను అర్థముగల లైక్ దానికి తోబుట్టువు. మన ‘ఒంటి’కిని ‘వంటి’కిని ఇట్టి చుట్టరికమేమైన కలదా యని శిష్యుడడుగును. శ్లేషకు చాలును, వ్యుత్పత్తికి చాలదు, కూర్చుండుము.

తోకగా బ్రతికినది గాని, విడిగా నిలిచినచోట ఆ శబ్దము క్రమముగా చచ్చినవారికే పరిమితమయ్యెను. మనకిది వింత గాదు. జిమ్ములో ‘బాడీ పెంచాడు’ అన్నచో మనిషి బ్రతికియున్నట్లు. ఆసుపత్రి వాకిట ‘బాడీ ఎప్పుడిస్తారు?’ అన్నచో వేరుగ చెప్ప బనిలేదు. ఇంగ్లండులో చర్చి ఆవరణకు ముంగిట కప్పుగల ద్వారమునకు ఈ లీచ్ మీదుగనే లిచ్ గేట్ అని పేరు. మోయువారు శవపేటికను అచట దించి పాదిరి కొరకు నిలిచెడివారు. పాదిరి శవమునకు ఎదురేగవలెనని 1549 నాటి ప్రార్థనగ్రంథమే విధించెను. డార్ట్‌మూర్ పల్లెలవారు లిడ్‌ఫర్డ్ చర్చికి శవములను మోసిన బాట నేటికిని లిచ్ వేయే.

పూర్వపక్షము: అట్లయిన లిచ్‌ఫీల్డ్ అను ఊరు శవక్షేత్రము కదా? ఇట్లనినవాడు సామాన్యుడు గాడు, 1709లో ఆ ఊరనే పుట్టిన శామ్యూల్ జాన్సన్. 1755 నాటి తన నిఘంటువులో లిచ్ క్రింద సొంతయూరిని చేర్చి, అది చచ్చినవారి పొలమని అర్థము చెప్పి, ఆపై లాటిన్‌లో దానికి నమస్కారము గూడ పెట్టెను.

సమాధానము: ఆ పేరు రోమనుల నాటి లెటోకేటమ్ నుండి వచ్చినది, బూడిదవన్నె అడవి యని దాని కర్థము. పుట్టినయూరిని వల్లకాడు చేసియు దండము పెట్టుట మరువని పెద్దమనిషిని ఖండించుటకు చేయి రాదు. అయినను ఖండింపక తప్పదు.

తాత్పర్యము: దయగల ఒంటితో తాము సెలవిచ్చినచో, నమ్మకముగల ఒంటితో తమవాడనగు నేను ఈ ఒంటిని రెండు దినములు ఇంటియొద్ద ఉంచుకొందును.

క్షేపకము: కొన్ని ప్రతులలో ఎర్రసిరాతో ‘రిజెక్టెడ్. రిపోర్ట్ ఇమ్మీడియట్లీ’ అను పంక్తి కనబడుచున్నది. శైలినిబట్టి అధికారికృతము. ఇందును లీకారము కలదు గాన, మొత్తము మూడు.