బుధవారం డబ్బా

సర్కారు కాగితాల్లో నా పేరు వ్యాక్సిన్ క్యారియర్. ఊళ్లో ఆ పేరు పలికే ఓపిక ఎవరికీ లేదు. కొందరికి ఐస్ డబ్బాని, కొందరికి నీలం డబ్బాని. ముద్ద మింగని పిల్లల్ని బెదిరించడానికి తల్లులు పెట్టిన పేరు వేరే ఉంది. ‘అదిగో బుధవారం డబ్బా వస్తోంది, తింటావా తినవా?’ అనేవాళ్లు. టీకాల రోజులు బుధ, శనివారాలు. శనివారానికి ఆంజనేయస్వామి ఉన్నాడు కాబట్టి బుధవారం నా వాటాకి వచ్చింది.

2003లో గోదావరికి ఇవతల, పాత ఖమ్మం జిల్లాలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చాను. నన్ను భుజాన వేసుకుని తిరిగిన నర్సమ్మ నాకన్నా రెండేళ్లు ముందు ఉద్యోగంలో చేరింది. నా పట్టీ ఒరిపిడికి ఆమె ఎడమ భుజం మీద జాకెట్టు ఎప్పుడూ వెలిసిపోయి ఉండేది.

పొద్దున్నే నన్ను సర్దడం ఒక తంతు. రాత్రంతా డీప్ ఫ్రీజర్‌లో రాళ్లలా గడ్డకట్టిన నాలుగు ఐస్ ప్యాకులు బయటికి తీసి బల్ల మీద పరిచేది. తీసినవి తీసినట్టు నాలో పెట్టకూడదు. వాటికి చెమటలు పట్టాలి. కాసేపాగి ఒక్కోదాన్నీ కొబ్బరికాయలా చెవి దగ్గర ఊపి చూసేది. లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినిపిస్తేనే నా నాలుగు గోడలకూ నాలుగూ నిలబెట్టి, మధ్యలో జిప్ కవర్లో సీసాలు పెట్టేది. తొందరపడి గడ్డ ఐసు పెడితే డీపీటీ, హెపటైటిస్-బి సీసాలు గడ్డకట్టి పనికిరాకుండా పోతాయి. పోలియో చుక్కలకు వేడి పడదు, వీటికి అతి చలి పడదు. ఇద్దరినీ ఒకే కడుపులో రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య మోయాలి. మే నెలలో, కొత్తగూడెం ఎండల్లో. నా ఉద్యోగం గురించి ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే ఈ ముక్క చెప్పాలనిపిస్తుంది.

సీసాల మీద చిన్న గుండ్రం, అందులో లేతరంగు చదరం ఉంటాయి. వేడి తగిలేకొద్దీ చదరం ముదురుతుంది. గుండ్రం రంగులో కలిసిపోయిందంటే ఆ మందు పారేయాల్సిందే. మనుషుల నమ్మకానికి కూడా అలాంటి గుర్తు ఒకటి అతికించి ఉంటే నర్సమ్మకు సగం తిరుగుడు తగ్గేది.

నేను వచ్చిన మొదటి ఏడాదే అంగన్‌వాడీ అరుగు మీద ఒక ముసలమ్మ తగువు పెట్టుకుంది. ‘మా కాలంలో ఏ సూదులున్నయ్? తట్టు పోసేది, వేపాకులో పడుకోబెట్టేది, తగ్గేది. అమ్మోరు వచ్చిపోతేనే ఒళ్లు గట్టిపడేది’ అంది. నర్సమ్మ వాదించలేదు. ‘అవ్వా, నీకెంతమంది పిల్లలు?’ అంది. ‘ఏడుగురు.’ ‘ఉన్నది?’ ముసలమ్మ వేళ్లు మడిచి, నాలుగు దగ్గర ఆగింది. ఆమె ముంజేతి మీద రూపాయి బిళ్లంత గుండ్రటి మచ్చ ఒకటి ఉంది. ఏ సర్కారు మనిషో ఆమె చిన్నప్పుడు పొడిచిన మశూచి టీకా అది. మశూచి 1977లో సోమాలియాలో ఆఖరిసారిగా సహజంగా సోకింది. 1980లో ప్రపంచం మొత్తానికీ పీడ విరగడయిందని ప్రకటించారు. ఆ మచ్చ అక్కడ ఎందుకుందో ముసలమ్మకు గుర్తు లేదు. ఉండాల్సిన పనీ లేదు. జబ్బే లేనప్పుడు మచ్చని ఎవరు తలుచుకుంటారు!

ఆమె మాటలో సగం నిజముంది, అది ఒప్పుకోవాలి. ఒకసారి తట్టు పోసి తగ్గినవాళ్లకు మళ్లీ రావడం బహు అరుదు. అయితే ఆ గట్టితనానికి కట్టిన మూల్యం చూడాలి. తట్టు పోతూ పోతూ, అంతకుముందు వేరే జబ్బులతో పోరాడి ఒళ్లు నేర్చుకున్న పాఠాల్లో కొన్నిటిని చెరిపేసి పోతుంది. 2019లో శాస్త్రవేత్తలు పిల్లల రక్తం పరీక్షించి దీన్ని రుజువు చేశారు. తట్టు తగ్గిన పిల్లవాడు ఆ తర్వాతి నెలల్లో విరేచనాలకో నెమ్ముకో చనిపోతే ఆ పాపం తట్టు ఖాతాలో ఎవరూ రాయరు. ఒక తట్టు బిడ్డ, రక్షణ లేని పిల్లల మధ్య ఉంటే పన్నెండు నుంచి పద్దెనిమిది మందికి అంటిస్తుంది. నూటికి తొంభై అయిదు మందికి టీకా పడితే తప్ప అది ఊళ్లో ఆగదు. అందుకే ఇది ఒక్క ఇంటి వ్యవహారంగా మిగలదు. తగువంతా అక్కడే.

ఊరి చివర ఒక మిరప రైతు ఇల్లుంది. నర్సమ్మ వెళ్తే ఆయన గడప దాటి రానిచ్చేవాడు కాదు. ‘పెద్దపిల్లకి డీపీటీ ఏశారు. రాత్రంతా ఒళ్లు కాలిపోయింది, గుక్కపట్టి ఏడ్చింది. తొడ గడ్డకట్టింది. తెల్లారి మీలో ఒక్కరన్నా వచ్చి చూశారా? నా కొడుకు జోలికి రావొద్దమ్మా’ అన్నాడు. ఇందులో అజ్ఞానం ఎక్కడుంది? డీపీటీలోని కోరింత దగ్గు భాగానికి జ్వరం రావడం మామూలే, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. కానీ ఆ మాట ముందే చెప్పాల్సిన మనిషి చెప్పలేదు, జ్వరం బిళ్ల ఇవ్వలేదు. అప్పుడు ఆ సూది వేసింది నర్సమ్మ కాదు. అయినా ఆ మాట తన నెత్తిన వేసుకుని వచ్చింది. ఆ రోజు నుంచి ఆమె ఒక పద్ధతి పెట్టుకుంది. ఏ టీకా వేసిందో, ఏమవచ్చో, మళ్లీ ఎప్పుడు రావాలో చెప్పి, కార్డు జాగ్రత్త అని, అరగంట కూర్చోబెట్టి పంపేది. మర్నాడు పొద్దున, నేను లేకుండా, ఒట్టి చేతులతో ఆ ఇళ్ల మీదుగా వెళ్లేది. అవి జీతంలో లెక్కకు రాని నడకలు.

పోలియో ఆదివారాల గురించి ఎక్కువ చెప్పను, వాటి గురించి చెప్పేవాళ్లు బోలెడు మంది. రెండు చుక్కలు, ఎడమ చేతి చిటికెన వేలికి సిరా, గోడ మీద సుద్ద గుర్తు. 2011 జనవరిలో హౌరాలో దొరికిన కేసు దేశంలో ఆఖరిదని ఆరోజు మాకెవరికీ తెలియదు. ఆ తర్వాత కూడా అలాగే గోడల మీద గీస్తూ పోయాం.

2009 గురించి మాత్రం చెప్పి తీరాలి. ఆ ఏడాది జులైలో మా జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా కొత్త హెచ్‌పీవీ టీకా వేశారు. దాదాపు పద్నాలుగు వేల మంది పిల్లలు. ఆ సీసాలు నా కడుపులోకి రాలేదు, నా జాతివాళ్లు మోశారు. చాలామంది పిల్లలు ఆశ్రమ పాఠశాలల్లో ఉండేవాళ్లు. అమ్మానాన్నల సంతకం ఉండాల్సిన చోట వార్డెన్ల సంతకాలు పడ్డాయి. తర్వాత కొందరు పిల్లలు చనిపోయారన్న వార్త గుప్పుమంది. 2010 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆపేసింది. ఆ చావులకు టీకా కారణమన్న ఆధారం లేదని విచారణ కమిటీ తేల్చింది. కానీ అడగాల్సినవాళ్లను అడగలేదన్న సంగతి కూడా బయటపడింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగానే చీవాట్లు పెట్టింది. ఆ టీకా మంచిదేనని ఇవాళ ఎన్నో దేశాల అనుభవం చెబుతోంది. మంచి మందునైనా చెప్పకుండా పొడిస్తే దొంగసొత్తులా కనిపిస్తుందని మా జిల్లా అనుభవం చెబుతోంది.

ఆ తర్వాత చాన్నాళ్లు నా మూత తీయగానే తల్లులు తొంగి చూసేవాళ్లు. ‘ఏం మందది? పేరు చదువు. ఎవరు పంపిండ్రు?’ మా పైఅధికారి ఒకాయనకు ఇది విసుగు. నర్సమ్మకు కాదు. సీసా చేతికిచ్చి తేదీ చదివించేది, చదవలేని వాళ్లకు గుండ్రంలో చదరం చూపించేది. నన్నడిగితే, ఈ ఊళ్లో టీకా మీద నిజమైన నమ్మకం పుట్టింది ఆ అనుమానాల రోజుల్లోనే.

2017 ఆగస్టులో తట్టు-రుబెల్లా కార్యక్రమం వచ్చింది. తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ల లోపు అందరికీ, ఇదివరకు వేసుకున్నా సరే, ఇంకొక్కటి. అప్పటికి వాట్సాప్ మా ఊరికీ చేరింది. పిల్లలు పుట్టకుండా చేస్తున్నారని ఒకటి, బుద్ధిమాంద్యం వస్తుందని ఇంకొకటి. ఆ రెండోదాని కూకటివేరు లండన్‌లో ఉంది. 1998లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే డాక్టరు పన్నెండు మంది పిల్లల్ని చూపించి తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు కలిపి వేసే ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టాడు. అది తప్పుడు పరిశోధనని తేలి, అచ్చేసిన పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. తీసుకున్న సంగతి మాత్రం ఏ వాట్సాప్‌లోనూ రాలేదు.

బడి తల్లిదండ్రుల సమావేశానికి మన మిరప రైతు ఫోను చేత్తో పట్టుకుని వచ్చాడు. కొడుకు అప్పటికి తొమ్మిదో తరగతి. వీడియో మొత్తం నర్సమ్మకు చూపించాడు. ఆమె మొత్తం చూసింది. ఒక్కొక్క మాటకూ బదులు చెప్పింది. ఆయన ఊరుకుని, చివరికి ఒకటే అడిగాడు: ‘నీ మనవడు ఈ బళ్లోనే గదా చదివేది?’ మర్నాడు వరసలో మొదటివాడు నర్సమ్మ మనవడు. వాడు ఏడవకుండా ఉండాలని పళ్లు బిగబట్టాడు గానీ కళ్లలో నీళ్లాగలేదు. రెండోవాడు రైతు కొడుకు. ‘వీడికి బతుకులో ఇదే మొదటి సూది’ అని తండ్రి అందరికీ వినపడేట్టు చెప్పాడు. నర్సమ్మ తల వంచుకుని సిరంజి చూసుకుంది. నాకు నోరుంటే బాగుండేదనిపించింది. లేకపోవడమే మంచిదయింది.

పెద్దవాళ్ల ముచ్చట నాకు ఆలస్యంగా తెలిసింది. గర్భిణుల సూదులు తప్ప పెద్దల ఒళ్లతో నాకు పనేముంది? అరికాల్లో ముల్లు దిగినా, కొడవలి తెగినా ఆర్‌ఎంపీ దగ్గరికి పరుగెత్తి ధనుర్వాతం సూది పొడిపించుకునే మనుషులే పిల్లల టీకా దగ్గర లక్ష ప్రశ్నలు వేయడం మాత్రం చూశాను. చిన్నప్పటి రక్షణ ఏళ్లు గడిచేకొద్దీ పలచబడుతుంది. హైదరాబాద్ ఫీవర్ ఆసుపత్రికి డిఫ్తీరియాతో, పాతవాళ్ల మాటలో కంఠసర్పితో, బడి పిల్లలూ పెద్దవాళ్లూ వస్తుంటారు. అందుకే 2019 నుంచి గర్భిణులకూ, పది, పదహారేళ్ల పిల్లలకూ ఉత్త ధనుర్వాతం సూది బదులు రెండు జబ్బులకూ కలిపి టీడీ ఇస్తున్నారు.

2021 జనవరి 16న కోవిడ్ టీకాలు మొదలయ్యాయి. వైద్య సిబ్బందికే ముందు. ఇరవై ఏళ్లుగా ఊరందరికీ ధైర్యం చెప్పిన నర్సమ్మ తన వంతు వచ్చేసరికి ముందురోజు రాత్రి నిద్రపోలేదట. పొద్దున నన్ను సర్దుతూ ఆశమ్మతో అంది. మూడో దశ ఫలితాలు రాకుండానే మన హైదరాబాద్ టీకాకు అనుమతిచ్చారని పేపర్లో చదివిందట. ఐస్ ప్యాకు చెవి దగ్గర పెట్టుకుంది గానీ ఊపడం మరిచిపోయి అలాగే నిలబడింది. తర్వాత పెద్ద డాక్టరు దగ్గరికెళ్లి, అన్నేళ్లుగా తనను ఊరు అడిగిన ప్రశ్నలన్నీ తను అడిగింది. ఆయన కూర్చోబెట్టి చెప్పాడు. మధ్యాహ్నం వేయించుకుంది. సాయంత్రం జ్వరం కూడా వచ్చింది.

మార్చిలో ముసలివాళ్లను బతిమాలితే పదిమంది రాలేదు. ఏప్రిల్, మే నెలల్లో ఊళ్లోంచి వరసగా శవాలు లేచాక నా ముందు క్యూ చెరువు గట్టు దాకా సాగింది. వాళ్లను కదిలించింది మా మాటలు కాదు, భయం.

ఆ ఏడాదే నా మూత పగిలింది. చల్లదనం నిలవని డబ్బా టీకాకు పనికిరాదు. నర్సమ్మ రిటైరయ్యే ముందు తుడిచి ఆరబెట్టి, పాత టీకా కార్డుల కౌంటర్‌ఫాయిళ్లు, కట్టలు కట్టలు, నాలో సర్దింది. ఎలకలకు అందకుండా అన్నమాట.

2025 జూన్‌లో ఒక పొద్దున మిరప రైతు, కొడుకు వచ్చారు. బీటెక్ అయిపోయింది, అమెరికాలో ఎమ్మెస్ సీటు. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకాలు వేసుకున్నట్టు కాగితం లేకపోతే యూనివర్సిటీ క్లాసుల్లోకి రానివ్వదట. అదే ఏడాది టెక్సాస్‌లో తట్టు విజృంభించి టీకాలు వేసుకోని ఇద్దరు పిల్లలు చనిపోయారని అబ్బాయే ఫోన్లో చదివి వినిపించాడు. ‘వీడికి ఏయించింది ఒక్కటేనమ్మా, బళ్లో’ అన్నాడు తండ్రి. కొత్త నర్సు చిన్నపిల్ల, ఓపిక గలది. నా మూత పక్కకు పెట్టి, 2003 కట్ట విప్పింది.

ఉంది. అక్టోబర్ 1, నవంబర్ 5, డిసెంబర్ 6. డీపీటీ, పోలియో, మూడేసి సార్లు. 2004 మే 15, తట్టు, విటమిన్-ఎ. అన్నీ బుధ, శనివారాలే. పాత నర్సమ్మ గుండ్రటి చేతిరాత. ఆ ఉదయాలు నాకు గుర్తే. కొంగులో బిడ్డను చుట్టుకుని, ఊరి వీధి వదిలేసి, బావి వెనక దారిన ఒకామె వచ్చేది. ఆఖరుసారి వచ్చిన రోజు మొగుడు ఖమ్మం మార్కెట్‌కి మిర్చి అమ్మడానికి వెళ్లాడు. జ్వరం బిళ్ల చిదిపి తేనెలో కలుపుతానని, ఇంట్లో అడిగితే దోమ కుట్టిందని చెబుతానని నర్సమ్మకు మాటిచ్చింది.

రైతు కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. చదవడం రాకపోవడమేమీ కాదు. తర్వాత గడపలోకి వెళ్లి ఫోను తీశాడు.

‘ఏమే, పిలగాడికి చిన్నప్పుడు సూదులేయించినవా?’

అవతల మాట గట్టిగానే వినిపించింది. ‘ఇరవై ఏండ్లకు గుర్తొచ్చిందా? నిన్నడిగితే ఏయించనిచ్చేటోడివా?’

కొత్త నర్సు నవ్వు ఆపుకుని, గవదబిళ్లల టీకా సర్కారు పట్టికలో లేదని, దానికోసం భద్రాచలంలోనో ఖమ్మంలోనో ఎంఎంఆర్ వేయించుకోవాలని అబ్బాయికి కాగితం మీద రాసిచ్చింది. కట్ట మళ్లీ కట్టి నాలో పెట్టింది. మూత సరిగా కూర్చోలేదు. ఎప్పుడూ కూర్చోదు. పైన ఒక ఇటుక పెట్టి వెళ్లింది.